కొత్తమెట్టలో పది సీసాలు

ముత్తయ్య బండికి స్టాండు వేసేలోపే గ్రేసీ వరండా మెట్లు దిగి వచ్చి, చేతిలోని తెల్ల ప్లాస్టిక్ పెట్టెను అతని ముందు తలకిందులు చేసింది. అందులోంచి ఏమీ రాలలేదు.

“పది సీసాలూ ఏవన్నియ్యా?”

ఆమె వెనక వరండాలో నులకమంచం మీద ఒక ఆడమనిషి పడుకుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. మంచాన్ని వెదురు బొంగుకు కట్టి మోసుకొచ్చిన నలుగురూ గోడకు చేరగిలబడి కూర్చున్నారు. బొంగు ఒత్తుకున్న చోట వాళ్ల భుజాలు కందిపోయి ఉన్నాయి. ఆమె కళ్లు తెరవాలని చూస్తోంది. నుదుటి మీద ముడతలు పడుతున్నాయి గానీ రెప్పలు లేవడం లేదు.

అది చూశాక ముత్తయ్య ఏ పాము అని అడగలేదు. కట్లపాము కాటును ఈ ప్రాంతంలో ఎవరైనా గుర్తుపడతారు. అది కరిస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మాట పోతుంది, ఆ తర్వాత ఊపిరి.

“ఇర్పగుట్ట మనిషి. భీమే అట పేరు,” అంది గ్రేసీ. “తెల్లారగట్ల నేల మీద పడుకుంటే కరిసిందట. గుట్టెక్కి ఆఫీసుకు ఫోన్ సేసినారు. కొత్తమెట్టలో పది సీసాలున్నాయి, అక్కడికి ఎల్లండని కల్యాణి సెప్పింది. నిన్న నానే లెక్కెట్టాను. పదీ ఉన్నాయి.”

“నువ్వు పోయినంక నేను తీస్కపోయిన,” అన్నాడు ముత్తయ్య. “పేరంపాడుల ఒక రైతును పాము కరిచిందని బిందు కబురు పెట్టింది. పదీ ఆయనకే పట్టినయ్. ఆయన బతికిండు. బిందు నా ముందే ట్యాబుల రాసింది, కొత్తమెట్ట సున్నా అని. నా కండ్లతోటి చూసిన.”

గ్రేసీ లోపలికి వెళ్లి ట్యాబ్ తెచ్చి అతని ముఖం ముందు పెట్టింది. కొత్తమెట్ట. పాము మందు. దాని ఎదురుగా పది.

“మరి ఇదేటి?”

ముత్తయ్య ఆ అంకెను చూశాడు. తర్వాత పెట్టెను చూశాడు. సున్నాను పది చేసిందెవరో అతనికి అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే. ఈ పెట్టెలోంచి ఆఖరి సీసా తీసిన చెయ్యి తనది.

“ఆఫీసుకు తెలుసా?”

“ఒకడిని గుట్టెక్కించి ఫోన్ సేయించాను. శ్యామ్‌ప్రసాద్ సార్ మందు తీసుకుని జీపులో బయల్దేరాడు. వాగు దాటి ఆ జీపు ఇక్కడికి ఎప్పుడొస్తాది?”

“రాదు. నేను ఎదురుపోత. ఆవపల్లి కాడ అందుకుంట.”

మంచం తలవైపు ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. భీమే తండ్రి, బిజ్జా. ఇర్పగుట్టలో పెద్దమనిషి. ఆయన ఖాళీ పెట్టెనూ, ముత్తయ్య చేతులనూ మార్చి మార్చి చూశాడు. ముత్తయ్య బండి తిప్పాడు.

వాళ్ల సంస్థ పేరు అడవిబాట. తెలంగాణ సరిహద్దుకు అవతల, బీజాపూర్‌లో ఆఫీసు, లోపలి ఊళ్లలో మూడు చిన్న సెంటర్లు. సెంటరుకొక నర్సు, ఒక ట్యాబ్; కొత్తమెట్టలో గ్రేసీ, పేరంపాడులో బిందు. మూడింటికీ మందులు మోసే మనిషి ఒక్కడే. ప్రతి ట్యాబ్‌లోనూ మూడు సెంటర్ల సరుకూ ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా రాసుకోవచ్చు. ఎక్కడో సిగ్నల్ తగిలినప్పుడు ఒకదానిలో రాసింది మిగతావాటికి, ఆఫీసులో కల్యాణి చూసే తెరకు చేరుతుంది. ట్యాబుల గురించి ముత్తయ్యకు తెలిసింది అంతవరకే.

ట్యాబులు రాకముందు ఆ పని అతని నోరు చేసేది. పేరంపాడులో సెలైన్లు అయిపోయాయని కొత్తమెట్టలో చెప్పేవాడు, కొత్తమెట్టలో సూదులు మిగిలాయని పేరంపాడులో చెప్పేవాడు. నర్సు లేని సమయంలో పెట్టె ఖాళీ చేయాల్సి వస్తే పచ్చి కొమ్మ ఒకటి విరిచి పెట్టె పిడికి గుచ్చి వెళ్లేవాడు. అడవి దారికి అడ్డంగా పచ్చి కొమ్మ పడి ఉంటే ఇటు రావద్దని అర్థం. అది చదువుకున్నవాళ్లకూ తెలుసు, చదువుకోనివాళ్లకూ తెలుసు. ట్యాబులు వచ్చాక అతను కొమ్మలు విరవడం మానేశాడు. మానెయ్యమని ఎవరూ చెప్పలేదు. అది చెబుతుంది గదా అనుకున్నాడు, అంతే.

నిన్న ఆ పెట్టె మూస్తున్నప్పుడు కిటికీ పక్కన చేతికందేంత దూరంలో తునికి చెట్టు ఉంది. దారి పొడవునా అతనికి ఆ చెట్టే కనిపించింది.

ముత్తయ్యకు యాభై ఏడేళ్లు. పొట్టి మనిషి. ఎడమ మోకాలు వంగదు, అందుకని బండి మీద ఆ కాలు కాస్త ముందుకు చాపి కూర్చుంటాడు. దూరం నుంచి చూసినవాళ్లకు ఆ కాలును బట్టే వచ్చేది అతనేనని తెలుస్తుంది. మెడ వెనక చర్మం ఎండకు కాలి, కాలి, ఎండిన చెరువు మట్టిలా పగిలింది. కుడి అరచేతిలో యాక్సిలరేటర్ తిప్పే చోట కాయ కాసింది. జీవితంలో అతను ఏ పందెమూ గెలవలేదు, ఏ సభలోనూ మాట్లాడలేదు. ఫొటోలు తీసేటప్పుడు పెట్టె కనబడాలని అతన్ని పక్కకు జరగమంటారు. జరుగుతాడు.

పుట్టింది తెలంగాణ సరిహద్దు పక్కన, తెలుగువాళ్లు వరి వేసుకునే చిన్న ఊళ్లో. ఇంట్లో తెలుగు, ఆటలో అడవి ఊళ్ల భాష దోర్లీ. తండ్రి సైకిలు మీద ఉప్పు, ఎండుచేపలు కట్టుకుని జగర్గుండా సంతకు పోయేవాడు, వెనక ముత్తయ్య. అప్పుడు ఆ సంత పెద్దది. తర్వాత తుపాకుల గొడవలు వచ్చాయి, దారి మూసుకుపోయింది, సంత ఎండిపోయింది. ఊళ్లు ఖాళీ అయినప్పుడు ముత్తయ్య భార్య వెంకమ్మను తీసుకుని భద్రాచలం వైపు మిరపతోటలకు కూలికి పోయాడు. కళ్లలో కారం పడి పడి ఒక కన్ను ఇప్పటికీ నీరు కారుతుంది.

మళ్లీ ఇటు తెచ్చింది, అడవిబాటను నడిపే శ్యామ్‌ప్రసాద్. కూలీల మధ్య వైద్య శిబిరం పెట్టినప్పుడు, దోర్లీ వచ్చి, లోపలి దారులు తెలిసిన మనిషి కావాలని వెతికాడు. ముత్తయ్యకు నలభై దాటాక బండి నేర్పిందీ ఆయనే. వెనక కూర్చుని, బండి పడినప్పుడల్లా తనూ పడి, మోచేతులు దులుపుకుని నవ్వేవాడు. వెంకమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటుంది. మొగుడు సాయంత్రం ఇంటికి రాగానే ఆమె అడిగే మొదటి ప్రశ్న “ఇయ్యాల ఎవరు బతికిన్రు?” అని. నిన్న అతను పేరంపాడు రైతు పేరు చెప్పాడు. ఆమె సంతోషించి కోడిగుడ్డు వేపి పెట్టింది.

ఆవపల్లి ఇవతలే జీపు ఎదురైంది. వానకు రోడ్డు అంచు తెగిన చోట డ్రైవరు దాన్ని నెమ్మదిగా పోనిస్తున్నాడు. శ్యామ్‌ప్రసాద్ ముందు సీటు నుంచి దిగి మందు పెట్టెను తనే తెచ్చి, ముత్తయ్య బండి వెనక తనే తాడుతో బిగించాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, ఉంగరాల జుట్టు నెరిసింది, చొక్కా చెమటకు వీపుకు అతుక్కుంది.

“జల్దీ వెళ్లు. మేం వెనక వస్తాం.”

“సార్, బిందు సున్నా అనే రాసింది. నేను చూసిన.”

“అదంతా తర్వాత. నవీన్ వస్తున్నాడుగా, తేలుస్తాడు. నువ్వు వెళ్లు ముందు.”

వెనక సీట్లో ఒడిలో లాప్‌టాప్‌తో ఒక యువకుడు కూర్చుని ఉన్నాడు. నవీన్‌కుమార్. ఆ ట్యాబుల్లోని ప్రోగ్రాం రాసినవాడు. వరంగల్ మనిషి. నర్సులకు శిక్షణ ఇవ్వడానికి ఈ వారం బీజాపూర్ వచ్చాడు. జీపు గతుకులకు అతని ముఖం పాలిపోయి ఉంది.

వాగు దగ్గర నీళ్లు మోకాలు దాటాయి. ముత్తయ్య పెట్టెను విప్పి తల మీద పెట్టుకుని అవతలి గట్టున దించి వచ్చి, బండిని తోసుకుంటూ దాటాడు. ఎడమ కాలు రాళ్ల మీద నిలవలేదు. ఒకసారి నడుము దాకా కూలబడ్డాడు. లేచాడు. సైలెన్సర్‌లో నీళ్లు పోయి బండి వెంటనే స్టార్టు కాలేదు. కిక్కు కొడుతూ అతను ఎవరినీ తిట్టలేదు. తిట్టడానికి తన పేరు తప్ప ఇంకో పేరు దొరకలేదు.

కొత్తమెట్ట చేరేసరికి వరండాలో చప్పుడు లేదు. గ్రేసీ మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఊపిరి అందించే రబ్బరు సంచి ఆమె ఒడిలో ఉంది. దాన్ని నొక్కీ నొక్కీ అరచేతులు ఉబ్బాయి. వేళ్లు ఇంకా వంకరగానే ఉన్నాయి.

“ఇందాకే,” అంది. “సానాసేపు ఓర్సుకుంది. నాను మానలేదన్నియ్యా. గుండె ఆగిపోయినాదని తెలిసాక కూడా నొక్కాను.”

ముత్తయ్య బండి దిగాడు. తాడు విప్పి, పెట్టె దించి, గోడ పక్కన పెట్టాడు. భీమే ముఖం మీద ఇప్పుడు ముడతలు లేవు. ఆమె పినతల్లి జుట్టు సరిచేసి, వరండా చివరకు వెళ్లి కూర్చుంది. చెవులకు అల్యూమినియం కమ్మలు. కాలికి కట్టిన గుడ్డ అలాగే ఉంది.

మోసుకొచ్చినవాళ్లు ఇంకా ఏడుపు మొదలుపెట్టలేదు. ఎందుకో ముత్తయ్యకు తెలుసు. బిజ్జా ఊళ్లో, మనిషి పోతే ఎందువల్ల పోయిందో ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. జబ్బయితే జబ్బు, చెట్టయితే చెట్టు. మనిషి చెయ్యి ఉంటే మనిషి పేరు. ఆ మాట పెద్దవాడు విని, తిరిగి ఒకసారి అన్నాకే శవాన్ని ఎత్తుతారు. అప్పుడే ఏడుస్తారు. పేరు తెలిశాక పగ తీర్చుకోవాలని లేదు. పేరు తెలియకుండా మట్టిలో పెట్టకూడదు, అంతే.

బిజ్జా దోర్లీలో అడిగాడు. “మందు ఉందని మమ్మల్ని ఇటు రమ్మన్నారు. బీజాపూర్ రోడ్డు కూడా ఇంతే దూరం. ఎవరు రమ్మన్నారు?”

“కనుక్కుంటున్నారు,” అన్నాడు ముత్తయ్య దోర్లీలోనే. “జీపు వస్తుంది. విన్నాక చెబుతాను.”

“నువ్వే చెప్పాలి. వాళ్ల మాట నాకు రాదు.”

వాగులో నీళ్లు తగ్గాక జీపు వచ్చింది. శ్యామ్‌ప్రసాద్ దిగి, మంచాన్ని చూసి, చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు.  ఆయన కళ్లు తడిశాయి. అది నటన కాదు. ముత్తయ్య ఆయన్ను చాలా చావుల దగ్గర చూశాడు. ప్రతిసారీ తడుస్తాయి.

తర్వాత సెంటరు గది ముందరి అరుగు మీద కూర్చున్నారు. నవీన్ రెండు ట్యాబులు ముందు పెట్టుకున్నాడు. పేరంపాడుది దారిలో బిందు దగ్గర తీసుకొచ్చాడు.

“పెట్టె తెరిచి సీసాలు తీశావు, గ్రేసీకి చెప్పలేదు,” అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

“చెప్పలే సార్. అప్పటికే ఆఖరి సర్వీసు జీపెక్కి పోయింది. ఫోన్ కలవలే. బిందు రాసింది గదా అనుకున్న.”

“అనుకున్నావు.”

“అవ్. అనుకున్న.”

“బిందు మేడమ్ రాశారు సార్,” అన్నాడు నవీన్ తల ఎత్తకుండా. “సున్నా ఉంది. పోలేదు. పక్కన పడి ఉంది.”

“పక్కన పడడమేంటి?”

“ఒకే గడిలో ఇద్దరు రాశారు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు, సిగ్నల్ లేదు కదా. రాత్రి ఎప్పుడో కాసేపు సిగ్నల్ తగిలి రెండూ ఒకచోట కలిశాయి. ఒకటి పది అంటోంది, ఒకటి సున్నా అంటోంది. ఏది ఉంచాలి? ఎవరు వెనక రాస్తే వాళ్లది ఉంచుతుంది. వెనక రాసిందే తాజా సంగతి అని లెక్క.”

“వెనక రాసింది బిందు గదా బాబూ,” అన్నాడు ముత్తయ్య. “గ్రేసీ లెక్కపెట్టినంక నేను తీస్కపోతే, రైతుకు ఎక్కించినంక బిందు రాసింది.”

నవీన్ తెరను వాళ్ల వైపు తిప్పాడు. “బిందు మేడమ్ రాసింది నాలుగు యాభైకి. ఈ పది రాసింది అయిదు ఇరవైకి.”

“అయిదు ఇరవైకి గ్రేసీ ఇక్కడ యాడుంది? జీపు మూడున్నరకే పాయె.”

అన్నాక నాలుక కొరుక్కున్నాడు. గ్రేసీ తల వంచుకుంది.

శ్యామ్‌ప్రసాద్ నెమ్మదిగా అన్నాడు. “అంటే ఆ వేళకు ఇక్కడ నర్సు లేదు. ట్యాబ్ లోపలే ఉంది. తాళం చెవి ఉన్నది నీ ఒక్కడి దగ్గర.”

“సార్?”

“నేనేమీ అనడం లేదు. లెక్క చెబుతున్నాను. పోలీసులు అడిగితే ఇదే లెక్క చెప్పాలి. సీసాలు తీశావు, తీయనట్టు పది రాశావు అంటారు వాళ్లు.”

ట్యాబ్‌లో అంకెలు ఎలా రాయాలో కూడా ముత్తయ్యకు తెలియదు. ఆ సంగతి శ్యామ్‌ప్రసాద్‌కు తెలుసు. వేలిముద్ర వేసి హాజరు చెప్పడం నేర్పడానికే ఆయన ఒక పూట కష్టపడ్డాడు.

“ఆగండి సార్,” అన్నాడు నవీన్. వేళ్లతో తెరను పైకి జరుపుతూ పోయాడు. చాలాసేపు. “ఇది నిన్నటి సంగతి కాదు. ఈ ట్యాబ్ రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ముందుకు దూకుతోంది. పొద్దున మళ్లీ సరిగ్గా ఉంటోంది.” పేరంపాడు ట్యాబ్ అందుకున్నాడు. “ఇదీ అంతే. నిన్న ఒక్కరోజే దూకలేదు.”

“నిన్న బిందు జీపెక్కలే,” అన్నాడు ముత్తయ్య. “రైతు దగ్గర ఉండిపోయింది.”

నవీన్‌కు అర్థమైంది. ట్యాబుల మీంచి చేతులు తీసేశాడు.

“గడియారాన్ని చేత్తో జరుపుతున్నారు. మూడు ఇరవైకి పోతూ పోతూ జరిపి, సరుకు పది అని రాసి, హాజరు కొట్టి వెళ్లారు. అది అయిదు ఇరవై అని పడింది. తర్వాత నిజంగా నాలుగు యాభైకి రాసిన సున్నా దాని ముందు పాతదైపోయింది.” గ్రేసీ వైపు చూడకుండా అన్నాడు. “ఎవరు ముందు రాశారో తేల్చడానికి నేను గడియారాన్ని నమ్మాను. వేరే దారులున్నాయి. మూడు ట్యాబులూ ఒప్పుకున్నాకే రాయనివ్వాలని పెట్టొచ్చు. కానీ సిగ్నల్ లేని రోజున ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేరు. రెండూ చూపించి ఏది నిజమో మనిషిని అడగమని పెట్టొచ్చు. అది పెట్టాల్సింది. పెట్టలేదు.”

“గడియారం ఎవరు జరిపారు?” అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

గ్రేసీ అప్పుడు తల ఎత్తింది. ఆయన్నే చూసింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. కొత్తమెట్టలో ఫోన్‌లో చూడడానికి ఏమీ ఉండదు.

ముత్తయ్య ఆమె చూపు వెంట ఆయన్ను చూశాడు. ఇదే అరుగు. హాజరు కొత్తగా ట్యాబుల్లోకి మారిన రోజులు. సాయంత్రం అయిదు దాకా ఉన్నట్టు పడకపోతే సగం రోజు కోత అని డబ్బు ఇచ్చేవాళ్లు పెట్టిన నియమం. ఇక్కడి ఆఖరి జీపు మూడున్నరకు. అది తప్పితే చీకట్లో అడవి. గ్రేసీ, బిందు ఇద్దరూ పని మానేస్తామన్నారు. శ్యామ్‌ప్రసాద్ టీ తాగుతూ నవ్వాడు. “దేఖో, జీపు సంగతి నాకు తెలుసు. ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలియదు. పోయేముందు గడియారం రెండు గంటలు ముందుకు జరిపి కొట్టండి. పొద్దున్నే సరిచేసుకోండి. నాకు రిపోర్టులో అయిదు దాటినట్టు కనబడితే చాలు.” ట్యాబ్ అందుకుని ఎక్కడ నొక్కాలో తనే చూపించాడు. గ్రేసీ ఆ రోజు చెయ్యెత్తి దండం పెట్టింది. ఈయన దేవుడు అనుకున్నాడు ముత్తయ్య. దానికి జీపు టైమని పేరు పెట్టుకుని అందరూ నవ్వుకున్నారు.

“ఎవరని అడుగుతున్నాను,” అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

 కిరండుల్ రైల్వే క్వార్టర్స్‌లో తమ్ముడింట్లో గ్రేసీ తల్లి మంచాన ఉంది. ఈ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో ఆమె మాటకు ఎంత విలువ ఉంటుందో ముత్తయ్యకు తెలుసు.

“నానే జరిపాను సార్,” అంది చివరికి. మిగతా సగం చెప్పలేదు. ఆయన చెబుతాడేమోనని చూసింది. ముత్తయ్యా చూశాడు. ఒక్క మాట. నేనే చెప్పానని ఆయన అంటే అయిపోయేది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“సరే,” అన్నాడు. “అది ఆఫీసులో మాట్లాడుకుందాం.”

బిజ్జా లేచి వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. ఆయన వెనక ఆ నలుగురూ నిలబడ్డారు. ఆయన ఎవరినీ ఉద్దేశించకుండా దోర్లీలో రెండు మాటలన్నాడు.

“ఏమంటాడు?” అన్నాడు శ్యామ్‌ప్రసాద్.

“ఎందుకు పోయిందో చెప్పమంటున్నడు. పొద్దు వాలకముందు ఎత్తాలె. చెప్పందే ఎత్తరు.”

శ్యామ్‌ప్రసాద్ లేచి ముత్తయ్య భుజం మీద చెయ్యి వేసి కాస్త పక్కకు తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు. “పాము కరిచి పోయిందని చెప్పు. అబద్ధం కాదుగా. నేను ఎవరి మీదా ఏమీ రాయను. నీ మీదా రాయను, గ్రేసీ మీదా రాయను. సెంటరు నడవాలి ముత్తయ్యా. రేపు ఇంకొకరికి కరుస్తుంది.”

ఆ చెయ్యి బరువు ముత్తయ్యకు అలవాటే. బండి నేర్చుకునేటప్పుడు అదే భుజం మీద అదే చెయ్యి ఉండేది. చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. సెంటరు నడవాలి. రేపు ఇంకొకరికి కరుస్తుంది. కరిచినప్పుడు గడియారం మళ్లీ రెండు గంటలు ముందే ఉంటుంది.

అతను బిజ్జా ముందుకు వెళ్లి నిలబడ్డాడు. దోర్లీలో మొదలుపెట్టాడు. అతనికి వచ్చిన నాలుగు భాషల్లో అబద్ధం ఆడడం నేర్చుకోనిది అదొక్కటే. అది ఆటలో నేర్చిన భాష.

“పాము కరిచింది,” అన్నాడు. “అది పాము పని. మందు ఇక్కడ లేదు. నిన్న నేను తీసుకెళ్లి ఇంకొకరికి ఇచ్చాను. పెట్టెకు కొమ్మ పెట్టలేదు. అది నా తప్పు.”

బిజ్జా ఖాళీ పెట్టె వైపు ఒకసారి చూశాడు. వింటున్నాడు.

“మందు ఉందని ఒక కబురు పోయింది. లేదని ఒక కబురు పోయింది. ఉందన్నది ముందు బయలుదేరింది. లేదన్నది వెనక బయలుదేరింది. రెండూ బీజాపూర్ చేరాయి. ఏది వెనక బయలుదేరితే అది నిజమని అక్కడ నమ్ముతారు. ముందు బయలుదేరిన కబురు, నేనే వెనక బయలుదేరానని చెప్పింది. వాళ్లు దాన్ని నమ్మారు. మిమ్మల్ని ఇటు పంపారు.”

“కబురు అబద్ధమాడిందా?”

“మందు ఉందన్నది అబద్ధం కాదు. బయలుదేరిన వేళ అబద్ధం.”

“ఆ కబురు పంపింది ఎవరు?”

“ఈ నర్సు. తను భయంతో చేసింది. అలా చెప్పమని ఆమెకు ఒకరు నేర్పారు. ఇక్కడే కూర్చుని నేర్పారు. నేను విన్నాను.”

“ఎవరు?”

వరండా చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. గ్రేసీకి దోర్లీ సగం వచ్చు. ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది.

“శ్యామ్‌ప్రసాద్,” అన్నాడు ముత్తయ్య.

బిజ్జా ఆ పేరును ఒకసారి తన నోటితో అన్నాడు. పలకడం కష్టమై, రెండు ముక్కలు చేసి, ఆగి, అన్నాడు. ఆయన వెనక ఒక ఆడగొంతు లేచింది. వరండా చివర కూర్చున్న భీమే పినతల్లి. ఏడుపు మొదలైంది.

అంతసేపటి మాటల్లో శ్యామ్‌ప్రసాద్‌కు అర్థమైంది తన పేరొక్కటే.

“ఏం చెప్పావు ముత్తయ్యా?”

“గడియారం జరపమని నేర్పినోళ్లు ఎవరని అడిగిండు సార్. మీ పేరు చెప్పిన.”

నవీన్ శ్యామ్‌ప్రసాద్ వైపు తిరిగాడు. శ్యామ్‌ప్రసాద్ గ్రేసీని చూశాడు. ఈసారి ఆమె తల వంచుకోలేదు.

ముత్తయ్య నడుము తాడుకున్న గుత్తిలోంచి సెంటరు తాళం చెవి, బండి తాళం చెవి విప్పి అరుగు మీద పెట్టాడు. మంచాన్ని మళ్లీ బొంగుకు కడుతున్నారు. నలుగురిలో ఒకడి భుజం చర్మం లేచి నెత్తురు కారుతోంది. ముత్తయ్య అతన్ని పక్కకు జరగమని, ఆ చోట తన భుజం పెట్టాడు. ఎడమ కాలు వంగకపోయినా బొంగు లేచింది. వాళ్లు వానలోకి దిగి గట్టు మీదుగా చెట్ల మధ్యకు వెళ్లారు. ఏడుపు కాసేపు వినబడి, తర్వాత వాగు చప్పుడులో కలిసింది.

వరండాలో బిజ్జా కూర్చున్న చోట, కూతురి కోసం ఇంటి నుంచి నీళ్లు పట్టుకొచ్చిన సొరబుర్ర గోడకు ఆనించి ఉంది. మూతికి చుట్టిన మోదుగాకు ఎవరూ విప్పలేదు.